200 ఎంబీపీఎస్ ఉండగా 50 ఎంబీపీఎస్‌కు అన్ని లక్షలెందుకు?

ప్రశ్న: ఖమ్మంలో మాకు సీటీ, ఎమ్మారై స్కానింగ్ సెంటర్ ఉంది. పగలు రేడియాలజిస్ట్ ఇక్కడే ఉంటారు. సాయంత్రం 6 తర్వాత వచ్చే కేసుల ఇమేజ్‌లు హైదరాబాద్‌లో ఉన్న మరో డాక్టర్ గారికి పంపుతాం. ఆయన ఇంటి నుంచే చూసి రిపోర్ట్ ఇస్తారు. మాకు నెలకు వెయ్యి రూపాయల లోపు 200 ఎంబీపీఎస్ ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ ఉంది. పగలు బాగానే ఉంటుంది. రాత్రి 8 దాటాక మాత్రం ఒక పెద్ద సీటీ వెళ్లడానికి ఒక్కోసారి ముప్పావు గంట పడుతోంది. ఈ మధ్య రెండుసార్లు లైన్ పూర్తిగా పోయింది. ఒక కంపెనీ వాళ్లు వచ్చి 50 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ తీసుకోమన్నారు. ఏడాదికి 2 లక్షల 40 వేలు, జీఎస్టీ అదనం, మూడేళ్ల అగ్రిమెంట్. '200 ఉన్నది తీసేసి 50కి ఇన్ని లక్షలా' అని మావారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: లీజ్డ్ లైన్, అంటే మీ ఒక్కరికే కేటాయించే ఇంటర్నెట్ లైన్, తీసుకోండి. కానీ 50 ఎంబీపీఎస్ అక్కర్లేదు, 20 చాలు. మూడేళ్ల అగ్రిమెంట్ వద్దు. ఇప్పుడున్న బ్రాడ్‌బ్యాండ్ మాత్రం తీసేయకండి, అది ఉండి తీరాలి. ఎందుకిలా అంటున్నానో కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే మీ దగ్గర ఆలస్యమవుతున్నది యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి వచ్చిన మనిషి రిపోర్ట్.

మీవారు అడిగినదాంట్లో తప్పేం లేదు. 200 పెద్దదా, 50 పెద్దదా అంటే ఎవరైనా 200 అనే చెబుతారు. కాకపోతే ఆ 200 వచ్చేదానికా, పోయేదానికా, ఏ వేళకు ఎంత అన్నది ప్లాన్ పేరులో ఉండదు. బ్రాడ్‌బ్యాండ్‌లో రాసే అంకెకు అర్థం 'గరిష్ఠంగా ఇంతవరకు' అని. చాలా ప్లాన్లలో అది డౌన్‌లోడ్ అంకె. అప్‌లోడ్ కూడా అంతే ఇచ్చేవాళ్లున్నారు, అందులో సగమో పావో ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఇళ్లలో జనం ఎక్కువగా చూసేవాళ్లే గానీ పంపేవాళ్లు కాదు కాబట్టి అక్కడ ఎవరికీ ఇబ్బంది ఉండదు. మీ పని దానికి పూర్తిగా తలకిందులు. మీకు డౌన్‌లోడ్ ఎంతున్నా పెద్దగా ఒరిగేది లేదు, అంతా అప్‌లోడ్ మీదే నడుస్తోంది.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. సీటీలో ఒక్కో ఇమేజ్ అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు, ఒక్కో చుక్కకు 2 బైట్లు. అంటే ఇమేజ్‌కు అర ఎంబీ. కాంట్రాస్ట్ ఇచ్చి, పొట్టను రెండు మూడు ఫేజ్‌లలో పల్చటి స్లైస్‌లతో తీస్తే 1,500 ఇమేజ్‌లు అవ్వడం మామూలే. మొత్తం 750 ఎంబీ. ఫైల్ సైజు బైట్లలో చెబుతారు, లైన్ వేగం బిట్లలో చెబుతారు, బైటుకు 8 బిట్లు. కాబట్టి లైన్ మీద వెళ్లాల్సింది 6,000 మెగాబిట్లు. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నికరంగా దక్కితే ఇది 2 నిమిషాల పని. 20 దక్కితే 5 నిమిషాలు. మీకు ముప్పావు గంట పడుతోందంటే, 200 అని రాసి ఉన్న లైన్ మీద రాత్రి 8 తర్వాత మీకు దక్కుతున్న అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ చిల్లర. మీవారికి ఈ లెక్క చూపించండి. ఆయన పోల్చాల్సింది 200ను 50తో కాదు, 2ను 20తో.

ఆ మిగతాదంతా ఎక్కడికి పోతోందో లీజ్డ్ లైన్ కాగితాల మీద సంతకం పెట్టే ముందే తెలుసుకోవాలి. కొంత మీ సెంటర్‌లోనే పోతూ ఉండవచ్చు. రాత్రి 8 తర్వాత రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు నేరుగా కేబుల్ పెట్టి, వైఫై ఆపేసి, మిగతా వైర్లన్నీ పీకేసి స్పీడ్ టెస్ట్ చేయించండి. వారం రోజులు అదే వేళకు చేసి, అప్‌లోడ్ అంకె పుస్తకంలో రాసి పెట్టండి. వైర్లన్నీ పీకేసినప్పుడు అప్‌లోడ్ బాగా వస్తే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. సాధారణంగా దొరికేది సీసీ కెమెరాలు. రికార్డింగ్ క్లౌడ్‌లోకి వెళ్లేలా పెట్టి ఉంటే కెమెరాకు 2 ఎంబీపీఎస్ చొప్పున 8 కెమెరాలు 16 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌ను రాత్రింబవళ్లు తినేస్తుంటాయి. రిసెప్షన్‌లో కూర్చున్న పేషెంట్ల బంధువులకు వైఫై పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే అదొకటి. స్టాఫ్ ఫోన్లలో ఫొటోలు తమంతట తామే బ్యాకప్ అవడం ఇంకొకటి.

డబ్బు పెట్టకుండా చేయగలిగిన పనులు ఇంకో రెండున్నాయి. మీ ప్యాక్స్ సాఫ్ట్‌వేర్ (స్కాన్ ఇమేజ్‌లను దాచి, పంపేది) ఇచ్చినవాళ్లను పిలిచి, ఇమేజ్‌లు పంపేటప్పుడు లాస్‌లెస్ కంప్రెషన్ ఆన్‌లో ఉందా అని అడగండి. స్కాన్ ఇమేజ్‌లను దాచడానికి, పంపడానికి అందరూ పాటించే డైకామ్ ప్రమాణంలోనే ఆ సదుపాయం ఉంది. ఇమేజ్ నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గదు, సైజు మాత్రం సుమారు సగానికి దిగుతుంది. రెండోది, పంపే వరస. తల సీటీలో 5 మిల్లీమీటర్ల మందపు స్లైస్‌లు 30 దాకా ఉంటాయి, మొత్తం 15 ఎంబీ. మీకిప్పుడు దక్కుతున్న 2 ఎంబీపీఎస్ మీద కూడా అవి ఒక్క నిమిషంలో వెళ్లిపోతాయి. చాలా సెంటర్లలో మెషీన్ నుంచి పల్చటి స్లైస్‌లు, రీకన్‌స్ట్రక్షన్లు అన్నీ కలిసి ఒకే క్యూలో పడతాయి, డాక్టర్ ముందుగా చూడాల్సిన 30 ఇమేజ్‌లు వాటి వెనక చిక్కుకుంటాయి. మీ డాక్టర్ గారితో మాట్లాడి, ఎమర్జెన్సీ కేసుల్లో ఏ సిరీస్ ముందు కావాలో అడిగి ఆ వరసలో పంపేలా టెక్నీషియన్‌కు చెప్పండి. ఇది ఈ రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా రాత్రిపూట అప్‌లోడ్ పడిపోతూనే ఉంటే లోపం బయట ఉన్నట్టు. ఇళ్లకు వచ్చే ఫైబర్ చాలావరకు జీపాన్ పద్ధతిలో ఉంటుంది. ఆపరేటర్ దగ్గర ఒక పోర్ట్ నుంచి బయల్దేరిన ఒక్క పోగును దారిలో చీల్చి 32 ఇళ్లకో, 64 ఇళ్లకో ఇస్తారు. ఆ పోర్ట్ మొత్తానికి దిగువకు (డౌన్‌లోడ్) 2.5 జీబీపీఎస్, ఎగువకు (అప్‌లోడ్) 1.25 జీబీపీఎస్ మాత్రమే. అక్కడితో అయిపోలేదు. ఇలాంటి పోర్ట్‌లన్నీ కలిసే చోట ఆపరేటర్ పెద్ద కంపెనీ దగ్గర కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ ఉంటుంది. అందరూ ఒకేసారి వాడరన్న ధీమాతో దాన్నే ఎన్నో రెట్లు అమ్ముతారు. అందులో మోసం లేదు, నెలకు వెయ్యి రూపాయలకు ఇంటర్నెట్ వచ్చేది అలా పంచుకోబట్టే. కాకపోతే అందరూ వాడే వేళ ఒకటుంటుంది, అది రాత్రి 8 నుంచి 11. సాగర్ ఎడమ కాలువ కింద చివరి భూములకు నీళ్ల సంగతి మీ జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పైన అందరూ తూములు తెరిచినప్పుడు కిందకు ఎంత వస్తుందో ఇక్కడా అంతే.

లీజ్డ్ లైన్‌లో ఆ పంపకం ఉండదు. 20 ఎంబీపీఎస్ అంటే ఆ కంపెనీ నెట్‌వర్క్‌లో మీ పేరు మీద 20 పక్కన పెట్టినట్టే, మీరు వాడినా వాడకపోయినా. వచ్చేదీ 20, పోయేదీ 20. డేటా పరిమితి ఉండదు. మీ పనికి అంతకంటే ఎక్కువగా ఉపయోగపడేది ఇంకొకటుంది, ఆలస్యం నిలకడగా ఉండటం. డైకామ్‌లో ఇమేజ్‌లు సాధారణంగా ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి. ఒకటి పంపి, అవతలి నుంచి 'అందింది' అన్న జవాబు వచ్చాకే రెండోది. లైన్ ఖాళీగా ఉంటే హైదరాబాద్ నుంచి ఆ జవాబు 10 మిల్లీసెకన్లలోనో, మహా అయితే 20లోనో రావాలి. రద్దీలో అది 150కి వెళ్లిందనుకోండి, 1,500 ఇమేజ్‌లకు ఊరికే జవాబుల కోసం ఎదురు చూడటంలోనే దాదాపు 4 నిమిషాలు పోతాయి. మధ్యలో ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పడిపోతే మళ్లీ మళ్లీ పంపాలి. స్పీడ్ టెస్ట్‌లో 40 చూపిస్తున్నా సీటీ కదలదేమిటని టెక్నీషియన్లు టెన్షన్ పడేది చాలాసార్లు ఇందువల్లే.

ఇంతవరకు చెప్పింది వేగం గురించి. మీరు పెట్టే లక్షల్లో వేగానికి పోయేది కొంతే. మిగతాదంతా లైన్ పోయిన రాత్రి ఫోన్ ఎత్తి, మనిషిని పంపి, టైమ్ లెక్క పెట్టుకునే బాధ్యత ఎవరో ఒకరు తీసుకున్నందుకు. ఆ బాధ్యత రాసి ఉండే కాగితం పేరు ఎస్ఎల్ఏ. మార్కెటింగ్ అబ్బాయి చూపించే బ్రోషర్ కాదు, అగ్రిమెంట్‌కు జతచేసే ఆ ఎస్ఎల్ఏ పేజీలు ముందే ఇమ్మనండి. ఇవ్వడానికి వెనకాడితే అక్కడే ఆగిపోండి.

అందులో మొదట అప్‌టైమ్ శాతం ఉంటుంది. 99.5 అని ఉంటే ఘనంగా కనిపిస్తుంది. 30 రోజుల నెలలో 720 గంటలుంటాయి. అందులో అర శాతం 3 గంటల 36 నిమిషాలు. అంతసేపు లైన్ లేకపోయినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. 99.9 అయితే 43 నిమిషాలు. 99 అని ఉంటే 7 గంటల 12 నిమిషాలు. ఈ శాతాన్ని నెలకు లెక్కిస్తారా, ఏడాదికా అన్నది చూడండి. ఏడాదికైతే ఒకే రోజు ఎన్నో గంటలు పోయినా సగటులో కనిపించదు. తర్వాత మినహాయింపుల పేరా. ముందే చెప్పి చేసే మెయింటెనెన్స్, మీ దగ్గర కరెంటు పోవడం, ప్రకృతి వైపరీత్యం వంటివి సాధారణంగా డౌన్‌టైమ్ కింద లెక్కపెట్టరు. అది సహజమే. కానీ 'ఇతరుల తవ్వకాల వల్ల కేబుల్ తెగడం' కూడా ఆ పేరాలో ఉందేమో వెతకండి. మన ఊళ్లలో లైన్ పోయేదే జేసీబీల వల్ల. దాన్ని మినహాయిస్తే ఆ ఎస్ఎల్ఏకు విలువ లేదు, తీసేయమని గట్టిగా అడగండి.

మాట తప్పితే కంపెనీ చెల్లించేది నష్టపరిహారం కాదు, బిల్లులో కొంత తగ్గింపు. అది కూడా మీరు అడిగితేనే. లైన్ పోయిన క్షణం నుంచి కాకుండా మీరు కంప్లయింట్ చేసి టికెట్ నంబర్ తీసుకున్న క్షణం నుంచి టైమ్ లెక్కించే పద్ధతి ఎక్కువ. కాబట్టి రాత్రి డ్యూటీలో ఉన్న టెక్నీషియన్‌కు ఎవరికి ఫోన్ చేయాలో, ఎత్తకపోతే పైన ఎవరికి చేయాలో, సర్క్యూట్ ఐడీ (మీ లైన్‌కు కంపెనీ ఇచ్చే నంబర్) ఏమిటో గోడ మీద అంటించి ఉండాలి. ఓనర్ ఫోన్‌లో ఉంటే చాలదు.

ఇక రిపేర్ గడువు. చాలా ఎస్ఎల్ఏల్లో ఇది 4 గంటలు ఉంటుంది. ఈ 4 గంటల దగ్గర మీరు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. పక్షవాతం వచ్చిన మనిషికి రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి, లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల గడువుంటుంది. అది ఇచ్చే ముందు సీటీ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. పల్లె నుంచి ఖమ్మం చేరేసరికే అందులో సగం అయిపోతుంది. అంటే మీ లీజ్డ్ లైన్ కంపెనీ ఎస్ఎల్ఏను అక్షరాలా పాటించి, 4 గంటల్లో లైన్ బాగు చేసి ఇచ్చినా ఆ రోగికి అందదు. అందుకే ఎంత ఖరీదైన లైనైనా ఒక్కటే ఉంటే సరిపోదని నేను పట్టుబట్టేది. ఆ డబ్బులో కొంత తగ్గించి రెండో దారి పెట్టుకోవడం మీకు మేలు. 50 బదులు 20 తీసుకోమన్నది అందుకే. పెద్ద సీటీ 5 నిమిషాల్లో, కంప్రెషన్ ఉంటే రెండున్నర నిమిషాల్లో వెళ్తుంటే, దాన్ని ఇంకో నిమిషంన్నర తగ్గించడానికి లక్ష పెట్టడం కంటే, లైన్ పోయిన రాత్రికి ఏర్పాటు చేసుకోవడం ముఖ్యం.

రెండో దారి అంటే రెండో కంపెనీ అని మాత్రమే కాదు. రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే స్తంభాల మీదుగా, ఒకే గల్లీ మలుపులోంచి వస్తుంటే ఒక్క లారీ తగిలితే రెండూ పోతాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయాక, అక్కడ విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున తొలగించింది. ఎంతో మందికి ఇంటర్నెట్ పోయింది. స్తంభం మీద వేలాడే కేబుల్ ఎవరిదైనా, దాని భరోసా అంత వరకే. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు మీ ఊళ్లో ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. కాబట్టి లైన్ వేయడం కుదురుతుందా అని (ఫీజిబిలిటీ) చూడటానికి వచ్చే ఇంజనీర్‌తో కలిసి మీవాళ్లెవరైనా బయటకు వెళ్లి, కేబుల్ ఎటు నుంచి వస్తుందో నడిచి చూడండి. భూమిలోంచా, స్తంభాల మీదా? ఎంత దూరం? మీ వీధిలోకి తెచ్చేది కంపెనీ సొంత ఫైబరా, లేక లోకల్ కేబుల్ ఆపరేటర్ దగ్గర అద్దెకు తీసుకున్నదా? ఈ ఆఖరి ప్రశ్న ముఖ్యం. మీ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే ఆపరేటర్ ఫైబర్ మీదే లీజ్డ్ లైన్ కూడా వస్తుంటే, మీరు రెండు బిల్లులు కడుతూ ఒక్క తీగ మీద ఆధారపడుతున్నట్టు. కొన్నిచోట్ల ఫైబర్ లేక మేడ మీద డిష్ పెట్టి రేడియో లింక్ ద్వారా ఇస్తామంటారు. అది పనికిరానిదేం కాదు, జేసీబీ భయం ఉండదు కూడా. కానీ అదే మీ ప్రధాన లైన్ అయితే జోరువానలో, ఈదురుగాలిలో ఏమవుతుందో, ఎదురుగా కొత్త అపార్ట్‌మెంట్ లేస్తే ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి.

నా సలహా ప్రకారం మీ సెంటర్‌లో ఉండాల్సింది ఇది. 20 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్, దాని మీద ప్యాక్స్, రిపోర్టింగ్ పని తప్ప వేరేదేదీ ఉండదు. ఇప్పుడున్న బ్రాడ్‌బ్యాండ్ మీద కెమెరాలు, రిసెప్షన్ వైఫై, ఆఫీసు పని. రెండింటినీ కలిపే డ్యూయల్ వ్యాన్ రౌటర్ ఒకటి, లీజ్డ్ లైన్ పోగానే ప్యాక్స్ దానంతట అదే బ్రాడ్‌బ్యాండ్ మీదకు మారేలా. రెండూ పోయిన రాత్రికి వేరే కంపెనీ సిమ్ వేసిన 4జీ లేదా 5జీ రౌటర్. ఆ సిమ్ మీద 750 ఎంబీ పంపనక్కర్లేదు, తల సీటీ 15 ఎంబీ వెళ్తే చాలు. నెలకోసారి రద్దీ లేని వేళ చూసి లీజ్డ్ లైన్ కేబుల్ చేత్తో పీకి, పని నిజంగా మారుతోందా లేదా చూడండి. ఇలా దానంతట అదే మారే ఏర్పాటు (ఫెయిలోవర్) పెట్టించి ఒక్కసారీ పరీక్షించని చోట్ల, అవసరమైన రోజు అది పనిచేయకపోవడం చూస్తూనే ఉన్నాను.

కరెంటు సంగతి కూడా. స్కాన్ మెషీన్‌కు పెద్ద యూపీఎస్, బయట జనరేటర్ అన్నీ ఉంటాయి. ఫైబర్ వచ్చి ఆగే చిన్న డబ్బా, దాని పక్కన రౌటర్ మాత్రం రిసెప్షన్ టేబుల్ కింద మామూలు ప్లగ్‌లో ఉంటాయి, సెల్‌ఫోన్ ఛార్జర్ పక్కన. నేను చూసిన ఒక సెంటర్‌లో రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు ఆ ప్లగ్ కదిలి లైన్ పోయేది, కంపెనీ మీద కంప్లయింట్ వెళ్లేది. ఆ రెండు డబ్బాలనూ గోడకు ఎత్తులో బిగించి యూపీఎస్ లైన్ ఇవ్వండి.

మీరు ఉత్తరంలో అడగనిది ఒకటుంది. హైదరాబాద్‌లో డాక్టర్ గారి ఇంట్లో ఏ లైన్ ఉంది? మీ లీజ్డ్ లైన్ హామీ మీ కంపెనీ నెట్‌వర్క్ అంచు వరకే. ఆ తర్వాత డేటా ఆయన కంపెనీ చేతిలోకి వెళ్తుంది. రెండు కంపెనీలు వేరైతే ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లాల్సిన ఇమేజ్ ముంబయి మీదుగానో చెన్నై మీదుగానో తిరిగి రావడమూ జరుగుతుంది. ట్రేస్‌రూట్ అనే చిన్న కమాండ్‌తో మీ ఐటీ అబ్బాయి ఆ దారి చూసి చెప్పగలడు. బాగా చుట్టు తిరుగుతుంటే లైన్ కొనే ముందే కంపెనీ వాళ్లకు చూపించి అడగండి. లీజ్డ్ లైన్ కస్టమర్‌గా రూటింగ్ గురించి అడిగే హక్కు మీకుంటుంది. ఆయన ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ చాలు, ఆయనది డౌన్‌లోడ్ పని కాబట్టి. కానీ ఆయనకూ రెండో కనెక్షన్ ఒకటి ఉండాలి, మీరే ఖర్చు భరించినా సరే. మీ ఏడాది బిల్లు ముందు అది పెద్ద మొత్తం కాదు.

లీజ్డ్ లైన్‌తో పాటు స్టాటిక్ ఐపీ అడ్రస్‌లు, అంటే ఇంటర్నెట్‌లో మీకే ఉండే మారని చిరునామాలు, ఇస్తారు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో చాలాసార్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎందరో పంచుకుంటారు, అందుకని బయటి నుంచి మీ సర్వర్‌కు నేరుగా రావడం కుదరదు. ఇప్పుడు కుదురుతుంది, మీ డాక్టర్‌కే కాదు, ప్రపంచంలో ఎవరికైనా. ప్యాక్స్ పెట్టేవాళ్లు పని త్వరగా తెమిలిపోవాలని డైకామ్ పోర్టులు 104, 11112 బయటికి తెరిచి పెట్టి వెళ్లిపోతుంటారు. ఆ పోర్టుల కోసం ఇంటర్నెట్‌ను రాత్రింబవళ్లు జల్లెడ పట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. పేషెంట్ల పేర్లు, వయసు, స్కాన్లు అన్నీ అలా బయటపడతాయి. డాక్టర్ గారు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే తాళం వేసిన ప్రైవేటు దారి) ద్వారా మాత్రమే లోపలికి రావాలి, రౌటర్‌లో వేరే ఏ పోర్టూ బయటికి తెరిచి ఉండకూడదు. కంపెనీ తీగ ఇస్తుంది గానీ ఫైర్‌వాల్ ఇవ్వదు, అది మీరే పెట్టుకోవాలి. పొరపాటున సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే, తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ నాటి ఆదేశాలున్నాయి. ఈ పని తెలిసిన మనిషితో ఒక్కరోజు కూర్చుని చేయించండి.

డబ్బు విషయానికి వద్దాం. 2 లక్షల 40 వేలకు 18 శాతం జీఎస్టీ 43,200. వేరే వ్యాపారస్తులకు ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. మీకు రాదు. రోగ నిర్ధారణ సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మీరు పేషెంట్ల దగ్గర వసూలు చేయరు, అందువల్ల మీరు కట్టింది ఖర్చు కిందే పోతుంది. కంపెనీ మనిషి 'జీఎస్టీ తిరిగి వచ్చేస్తుంది మేడమ్' అంటే నమ్మకండి, మీ ఆడిటర్‌ను అడగండి. వాళ్లు చెప్పిన 50 ఎంబీపీఎస్‌కు మీకు పడే అసలు ధర 2,83,200. దీనికి తోడు ఇన్‌స్టలేషన్ ఛార్జీ ఒకసారి కట్టేది ఉంటుంది. ఎన్ని కంపెనీల కొటేషన్లు వచ్చినా పన్ను, ఇన్‌స్టలేషన్ అన్నీ కలిపి మొదటి ఏడాది మొత్తం ఎంతో ఒకే వరసలో రాసి పోల్చండి. బీఎస్ఎన్ఎల్, రైల్‌టెల్ దగ్గర కూడా 20 ఎంబీపీఎస్‌కు కొటేషన్ తీసుకోండి. ధర కోసమే కాదు, వాళ్ల ఫైబర్ దారులు ప్రైవేటు కంపెనీల దారులకు వేరుగా ఉండే అవకాశం ఎక్కువ.

బేరమాడేటప్పుడు ఇంకో మాట వింటారు, పక్క ఆస్పత్రికి కూడా ఇదే లైన్ ఇచ్చి సగం వాళ్ల దగ్గర తీసుకోండి అని. అది చేయకండి. లైసెన్స్ లేకుండా ఇంటర్నెట్ తిరిగి అమ్మకూడదు, ఆ లైన్ మీద ఎవరేం చేసినా ఐపీ అడ్రస్ మీ పేరు మీదే ఉంటుంది.

లైన్ వేశాక వాళ్లు ఒక కమిషనింగ్ రిపోర్ట్ తెచ్చి సంతకం అడుగుతారు. సాధారణంగా మీ సంతకం పడిన తేదీ నుంచి బిల్లు మొదలవుతుంది. అందుకని ఆ రోజే సంతకం పెట్టకండి. ఒక పూర్తి రోజు, అందులో రాత్రి 8 నుంచి 11 తప్పకుండా ఉండేలా, హైదరాబాద్ డాక్టర్ గారికి నిజమైన పెద్ద సీటీ పంపి చూడండి. 750 ఎంబీ వెళ్లడానికి కంప్రెషన్ లేకుండా 5, 6 నిమిషాలు దాటకూడదు. దాటితే ఎక్కడ ఆగుతోందో తేల్చాకే సంతకం. లైన్ వాడకం గ్రాఫ్ చూసుకునే లాగిన్ కూడా అడిగి తీసుకోండి. మూడు నెలలు గ్రాఫ్ చూస్తే 20 సరిపోతోందో, 30 కావాలో తేలిపోతుంది. పెంచడం సాధారణంగా వాళ్ల వైపు సెట్టింగ్ మార్పే, తీగ మార్చాల్సిన పని ఉండదు. తగ్గించమంటేనే అగ్రిమెంట్ అడ్డం వస్తుంది. తక్కువతో మొదలుపెట్టమనడానికి అదొక కారణం.

అగ్రిమెంట్ ఏడాదికే చేసుకోండి. మూడేళ్లయితే రేటు తగ్గిస్తామంటారు. బ్యాండ్‌విడ్త్ ధరలు ఏటేటా తగ్గుతూ వస్తున్నాయి కాబట్టి ఈ రోజు తగ్గింపులా కనిపించేది మూడో ఏడు వచ్చేసరికి మీకే భారమవుతుంది. ఏడాది డబ్బు మొత్తం ముందే కట్టమంటే మూడు నెలలకోసారి కడతామనండి, చాలామంది ఒప్పుకుంటారు. వరసగా రెండు నెలలు ఎస్ఎల్ఏ తప్పితే జరిమానా లేకుండా బయటకు వచ్చే షరతు ఒకటి రాయించండి, గడువు ముగిశాక దానంతట అదే పొడిగించే షరతు ఉంటే కొట్టేయించండి. ఈ రెండు వాక్యాలూ ఒప్పుకోని కంపెనీ అయితే రేటు ఎంత తగ్గించినా రెండో కొటేషన్ వైపు వెళ్లండి.